జట్కాబండిని కాపాడుకొనుట
(మన సంఘపు ఆదివారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు నన్ను మాటాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు ఏ ప్రబంధకవినిగూర్చియో చెప్పవలసియుండునని తలచి రెండు పుస్తకములు దులిపి పెట్టుకొంటిని. వారు నవ్వి, "కవులు ఇంకొక వారము వేచియుందురు గాని, బండి వేచియుండదు" అనిరి. కావున బండినిగూర్చియే మాటాడెదను.

విషయము మీలో చాలమందికి తెలియును. మన సభ్యకుటుంబములలో ఒకరి పాత యిల్లు పడగొట్టి అంతస్తుల కట్టడము కట్టబోవుచున్నారు. ఆ యింటి పెరటికొట్టములో వారి తాతగారి నాటి జట్కాబండి యొకటి కలదు. గుఱ్ఱము పోయి యాభై యేండ్లు దాటినది. బండి మాత్రము నిలిచినది. ఒక భోజనశాల అలంకరణకై పాతసామానులు కొనువారు వచ్చి చూచి, "బండి యంతయు అక్కఱలేదు, చక్రములు రెండు చాలును, గోడకు తగిలించి దీపములు పెట్టుదుము" అనిరట. ఇంటివారు ఒప్పుకొనలేదు. కొత్త కట్టడములో జట్కాకు చోటు లేదు. అందుచే సంఘభవనము వెనుక వసారాలో దాని నుంచుటకు కార్యవర్గము సమ్మతించినది. సమ్మతించుట సులభము. ఉంచిన తరువాత చేయవలసిన దేమో తెలియకున్నచో, పడమటింటి పెరటిలో చావవలసిన బండి మన వసారాలో చచ్చును, అంతే భేదము.

ఈ మాట నేను ఊహించి చెప్పుట లేదు. మా నాయనగారికిని ఒక జట్కా ఉండెడిది. గుఱ్ఱమును అమ్మివేసిన తరువాత బండిని అమ్ముటకు వారికి మనసొప్పలేదు. పెరటిలో కొబ్బరియాకుల పందిరి వేసి, దానిక్రింద బండిని నిలిపి, వాన తగులకుండ మందమైన ప్లాస్టిక్ గుడ్డ తెచ్చి నలుప్రక్కల నేలవఱకు చుట్టి, త్రాళ్లతో బిగించితిమి. ఎంతో జాగ్రత్తపడితిమనియే అందఱము అనుకొంటిమి. రెండు వర్షాకాలములు గడచిన పిమ్మట విప్పి చూడగా లోపల వేడిగా, తడిగా, బూజువాసన గొట్టుచుండెను. నొగలు పట్టి పైకెత్తితిమి. బండి లేచినది గాని ఎడమచక్రము లేవలేదు. కుండ కుళ్లి ఆకులు ఊడి నేలనే యుండిపోయెను. మిగిలినది ఆ ఏడు స్నానపు నీళ్ల పొయ్యిలోనికి పోయినది. ఇత్తడి దీప మొక్కటి నాయొద్ద నున్నది. మేము ఆ బండిని అశ్రద్ధచే పోగొట్టుకొనలేదు. తెలియని శ్రద్ధచే పోగొట్టుకొంటిమి.

మన పేటకును గుఱ్ఱమునకును గల సంబంధమునుగూర్చి ఒక మాట. ఆర్కాటు నవాబుల గుఱ్ఱపుశాలలు ఇచ్చట నుండుటచే "ఘోడాబాగ్" అను మాటయే కోడంబాక్కమైనదని ఒక వాడుక కలదు. వేఱు వ్యుత్పత్తులు చెప్పువారును కలరు. పేరు సంగతి యెట్లున్నను, 1931లో బీచి నుండి తాంబరమువఱకు విద్యుత్తు రైళ్లు నడచుట మొదలైన తరువాతను, స్టేషనులో దిగినవారిని ఇంటికి చేర్చినది జట్కాయే. పెట్టెవంటి ఒడలు, పైన విల్లువలె వంగిన కప్పు, లోపల గడ్డి పఱచి దానిపై చాప. ముందు బండివాడు, వెనుక కాళ్లు వ్రేలాడవేసికొని కూర్చున్న మనవాళ్లు. మౌంటురోడ్డులోని సింప్సన్ కంపెనీ 1840లో గుఱ్ఱపు బండ్లు కట్టుటతోనే తన పని మొదలుపెట్టినది గాని, అవి దొరల బండ్లు. మన జట్కా వీధివడ్రంగియు, వీధికమ్మరియు కలిసి చేసిన పని. దొరల బండ్లకు చిత్రపటములు మిగిలినవి. జట్కా అందఱికిని తెలిసినది యగుటచే దానిని దాచవలెనని ఎవ్వరికిని తోచలేదు.

ఇచ్చట చిన్న ముచ్చట చెప్పి ముందుకు పోయెదను. మన పొరుగున వడపళనిలో విజయా-వాహినీ స్టూడియోలో తీసిన "మాయాబజార్" చిత్రము 1957లో వచ్చినది. అందు సుభద్రాభిమన్యులను దారుకుడు రథముమీద అడవిదారిని తోలుకొనిపోవుట మీ రందఱును ఎన్నిమార్లో చూచియుందురు. నలుపు తెలుపుల ఆ చిత్రమునకు రంగులు వేసి 2010లో మరల విడుదల చేసిరి. బొమ్మలోని రథమునకు అంత శ్రమపడిన కాలములో, కొట్టములోని నిజమైన బండికి నెలకు ఒక గంట పని చేయలేమా యని నాకు తోచినది. ఇక పనిలోనికి వత్తము.

బండికి ప్రాణము చక్రము. కావున చక్రమునుగూర్చి కొంచెము విస్తరించి చెప్పెదను. నడుమ నుండునది కుండ. దానినుండి నలుదెసలకు పోవునవి ఆకులు. ఆకుల కొనలను కలుపు వంకరకొయ్యలు పూఠీలు. వీనినన్నింటిని బిగించునది ఇనుపకట్టు. ఆ కట్టును చక్రపు చుట్టుకొలతకంటె కొంచెము తక్కువగా చేసి, పిడకల మంటలో ఎఱ్ఱగ కాల్చి, పటకారులతో ఎత్తి, చక్రముమీద తొడిగి, కొయ్య అంటుకొనకముందే నీళ్లు పోయుదురు. ఇనుము చల్లారి ముడుచుకొనుచు పూఠీలను ఒకదానితో నొకటి ఒత్తి, ఆకులను కుండలోనికి బిగించును. చక్రమును నిలుపునది మేకు గాదు, జిగురు గాదు. చల్లారిన ఇనుము పట్టినపట్టు.

ఈ పట్టు సడలుటకు ఇనుము చెడనక్కఱలేదు. కొయ్య ఎండిన చాలును. మన యూరి వేసవిలో నల్లతుమ్మ కొయ్య సైతము ఎండి సన్నమగును; కట్టు మాత్రము వెనుకటి కొలతయే యుండును. అప్పుడు కట్టు వదులై గలగలలాడును. పూర్వము బండివాండ్రు రాత్రి చక్రమును చెఱువులో పడవేసి తెల్లవాఱి తీసికొని తోలుకొనిపోయెడివారు. కొయ్య నాని ఉబ్బి కట్టు బిగిసెడిది. ఆ పూట కూలి సంపాదింపవలసినవానికి ఆ ఉపాయము మంచిదే. నిలిపియుంచు బండికి అది విషము. ఉబ్బిన కొయ్య ఇనుముచే నలుగును. నలిగినది మరల ఎండునప్పుడు మునుపటికంటెను సన్నమగును. ప్రతి మారును కొంత నష్టమే. మన పెద్దలు చేసిరి గదా యని మన బండి చక్రములమీద ఎవ్వరును బిందెలతో నీళ్లు పోయవద్దని చేతులు జోడించి వేడుచున్నాను.

మఱి చేయవలసిన దేమి? ఎండ సోకని నీడ, ఎల్లప్పుడు కొంచెము గాలి, ఒక్కరీతి చల్లదనము. ఏడాదికొకమారు, వాన వెలిసిన జనవరిలో, కొయ్య బాగుగ ఆఱిన పిమ్మట, రంగు లేని తావుల కాచిన అవిసెనూనెను పలుచగా పట్టించి తుడిచివేయవలెను. చిన్న కఱ్ఱతో కట్టును అక్కడక్కడ తట్టి చూడుడు. బిగువుగా నున్నచోట గణగణమనును; వదులైనచోట మొద్దుగా పలుకును. వదులైనదని తెలిసినచో మేకులు గొట్టవద్దు, చెక్కముక్కలు దూర్పవద్దు. నూలుపట్టీతో కట్టును పూఠీకి కట్టి విడువుడు. నిలిచియున్న చక్రమునకు అంతకుమించి అక్కఱలేదు. ఎప్పుడైనను దానిని నడుపదలచినచో కమ్మరి కట్టును కోసి, కుదించి, మరల కాల్చి తొడుగవలసినదే.

నూనెగుడ్డల సంగతి మఱచితిని. అవిసెనూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేసినచో అవి తమంతట తామే వేడెక్కి అంటుకొనును. నిప్పు తగులనక్కఱలేదు. కావున పని ముగిసినవెంటనే గుడ్డలను నీళ్లలో ముంచవలెను, లేదా ఆరుబయట విడివిడిగ ఆఱవేయవలెను. కొయ్యను కాపాడబోయి భవనమునకు నిప్పంటించుకొనుట మన సంఘమునకు తగదు.

రెండవది నీరు. మన చెన్నపట్టణమున సంవత్సరమునకు సుమారు 1400 మిల్లీమీటర్ల వాన కురియును. అందు సగమునకు పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే పడును. అనగా తొమ్మిది నెలలు మఱపు, మూడు నెలలు దండన. 2015 డిసెంబరు నాటి వరదలో మన వసారాలోనికి వచ్చిన నీటిమరక గోడమీద ఇప్పటికిని కనబడుచున్నది. నిన్న కొలిచి చూచితిని, నేలనుండి రెండడుగులు. 2023 డిసెంబరు తుపానులో అంత రాలేదు గాని, రాదని ఎవరు చెప్పగలరు? కావున బండిని నేలమీద నిలుపరాదు. రెండున్నర అడుగుల రాతి అరుగు కట్టి, ఆ అరుగుమీద నుంచవలెను. కార్యవర్గములో ఒకరు ఇది దుబారా ఖర్చనిరి. ఇసుకబస్తాలు వేసినచో సరిపోవునని వారి మతము. 2015లో ఇసుకబస్తాలు ఉన్న యిండ్లలోనికి నీరు రాకపోయెనా యని మాత్రము వారిని సవినయముగ అడుగుచున్నాను.

అరుగుమీదను చక్రములు నేలకు తాకకుండ, ఇరుసుక్రింద రెండువైపుల రాతిదిమ్మలు పెట్టవలెను. ఇందు రెండు లాభములు. చక్రములో ఒక్కచోటనే బరువు నిలువదు. చెదలు రాతిమీదుగ మట్టిగూడు కట్టుకొనియే ఎక్కవలసియుండును గనుక కంటికి కనబడును. నేలకు తాకిన కొయ్యలో చెద లోపలినుండి వచ్చును. పైపెంకు మిగిలి నడుమ మట్టి యగువఱకు మనకు తెలియదు. బండి ఒడలిక్రిందను రెండు కొయ్యగుఱ్ఱములు నిలిపినచో స్ప్రింగులమీది బరువు తగ్గును. నొగల కొనలకు వేఱొక ఆధారము కావలెను. లేనిచో జట్కా ముందుకో వెనుకకో తూగి, నొగలు క్రమముగ వంగును.

నెలకొకమారు చక్రమును పావుచుట్టు త్రిప్పవలెను. కందెన ఒకచోటికి దిగకుండుటకు ఇది మంచిదే. కాని అసలు ప్రయోజనము వేఱు. త్రిప్పవలసిన మనిషి అచ్చటికి రావలసియుండును, వచ్చినవాడు చూడవలసియుండును. ఏడాదికొకమారు శీల తీసి చక్రమును లాగి, ఇరుసునందలి గట్టిపడిన పాత కందెనను కిరసనాయిలుతో తుడిచి క్రొత్తది వేయవలెను. మన తాతలు ఆముదములో గడ్డిమసి కలిపి కందెన చేసికొనిరి. ఇప్పుడు డబ్బాలో దొరకు గ్రీజు సరిపోవును. ఇందులో ప్రాచీనత చూపనక్కఱలేదు.

కప్పుటకు ప్లాస్టిక్ వలదు. మా బండిని చంపినది అదియే. లోపలి చెమ్మ పైకి పోజాలక రాత్రి చల్లబడినప్పుడు నీరై కాఱును. పాత నూలుచీరలు రెండు కుట్టి కప్పిన చాలును. దుమ్ము ఆగును, గాలి ఆడును. వసారా చూరునుండి జల్లు వచ్చునను భయమున్నచో టార్పాలినును చూరుకే తెరవలె కట్టుడు, బండికి చుట్టవద్దు. ఇంకొకటి, చాపక్రిందిది. ఆ జట్కాలో గుఱ్ఱమున్ననాటి గడ్డి ఇంకను అట్లే యున్నది! మొన్న చేయిపెట్టి చూచితిని. అందు ఎలుకల కాపురము మూడు తరములుగ సాగుచున్నట్లు కనబడినది; మనకంటె ముందు స్థిరపడిన కుటుంబ మనవచ్చును. బండి కదలకముందే ఆ గడ్డిని తీసివేయవలెను.

తోలుసామాను వేఱుగ ఉంచవలెను. కళ్ళెము, పగ్గములు, మెడపట్టెడ అన్నియు ఒక గోనెసంచిలో కుక్కియున్నవి. తెల్లని బూజు పట్టినది. ఆరుబయట పొడిగుడ్డతో తుడిచి నీడన ఆఱవేసి, పిమ్మట నూనె బహుస్వల్పముగ పట్టించవలెను. నూనె ఎంత పోసిన అంత మేలని కొందఱు తలంతురు. అధికమైన నూనెతో తోలు మెత్తబడి సాగును, బూజునకును మేత యగును. ఇత్తడి కొక్కెము తోలును తాకినచోట పచ్చని చిలుము పుట్టి తోలును తినును. దానిని నెలనెల తుడువవలెను. పగ్గములను మేకుకు తగిలించరాదు. చెంబు బోర్లించినంత వెడల్పుగల గుండ్రనికొయ్యకు తగిలించినచో మడతవద్ద విఱుగవు.

నా మేనల్లుడు నగరపు శివారున పిల్లలకు గుఱ్ఱపుస్వారి నేర్పుచుండును. వానియొద్ద రెండు గుఱ్ఱములను ఎక్కించుకొనిపోవు ట్రెయిలరు ఒకటి కలదు. వెనుకటికి గుఱ్ఱము బండిని లాగెను, నేడు బండియే గుఱ్ఱమును మోయుచున్నది, కాలమహిమ! నే నీ ప్రసంగము సిద్ధపఱచుకొనుచుండగ వాడు విని, "మామయ్యా, నీ జట్కాకు చెప్పిన వన్నియు నా ట్రెయిలరుకును చెప్పినట్లే యున్నవి" అనెను. నిజమే. అందు రబ్బరుచాపలు ఎత్తి చూడనిచో గుఱ్ఱపు మూత్రము దిగి క్రిందిపలకలు కుళ్లును. పైకి చక్కగ కనబడు నేలమీద గుఱ్ఱము కాలుపెట్టగనే పలక విఱిగినచో ఆ కాలు పోయినట్లే. నెలల తరబడి నిలుపునప్పుడు చేతిబ్రేకు వేసి విడిచినచో బ్రేకు లోపల అంటుకొనిపోవును. బ్రేకు వదలి చక్రములకు అడ్డుకట్టలు పెట్టవలెను. తిరుగని టైరు అరుగదు గాని పగులును. అరుగుదల చూచి మంచిదనుకొనువాడు మోసపోవును. గాలి ఆడుటకు కిటికీలు కొంచెము తెఱచియుంచవలెను. బండిలో ప్రాణి యెక్కును గనుక వాని జాగ్రత్తకు మన జాగ్రత్తకంటె బరువెక్కువ.

మన జాగ్రత్తకును బరువు లేకపోలేదు. బండి వెనుకపలకమీద దానిని చేయించిన పెద్దగారి పేరును, వారి స్వగ్రామము పేరును తెలుగు అక్షరములలో వ్రాసియున్నవి. నేను చూడబోయిననాడు ఆ యింటి చిన్నపిల్ల, ఏడెనిమిదేండ్లది, ఆ అక్షరములమీద వ్రేలు పెట్టి త్రిప్పుచు, "తాతా, ఇది ముగ్గా?" అని అడిగినది. వాళ్ల తాతగారు వెంటనే బదులు చెప్పలేదు. ఆ యింట ఆ రెండు పంక్తులను చదువగలవారు ఇప్పుడు ఆయన యొక్కరే. పిల్ల తప్పేమున్నది? బడిలో తమిళము, ఇంగ్లీషు. ఇంట మాటాడు తెలుగుకు అక్షరములున్నవని దానికి ఎవరైన చూపవలెను గదా. ఆయన తరువాత ఆ పంక్తులను చదివి ఆమెకు చూపి చెప్పెను. మన యిండ్లలో మన ఊరిపేరు చూపగల వస్తువు లెన్ని మిగిలినవో ఎవరికి వారు లెక్కించుకొనవచ్చును.

అందుచే ఆ పలకనుగూర్చి నాకు పట్టుదల ఎక్కువ. బండి భవనమునకు వచ్చుచున్నది గావున చక్కగ రంగులు వేయించి, అక్షరములు దిద్దించి నిలుపుదమని ఉత్సాహవంతులైన యువకులు కొందఱు చందాలు గూడ పోగుచేసిరి. వారి ఉత్సాహమునకు నమస్కారము. కాని క్రొత్తరంగు వేసినచో ఆ అక్షరములు క్రొత్త పెయింటరుగారివగును, ముత్తాతగారివి గావు. ఆయన "గ్రామము" అనుమాటలో గకారమునకు పెట్టిన వంకర దీర్ఘమును దిద్దుటకు మన కేమి యధికారము? మెత్తని కుంచెతో దుమ్ము దులుపుడు. నీళ్లు, సబ్బు, గరుకుకాగితము, వార్నీషు వీనిలో ఏదియు తగులనీయవద్దు. రంగు పెళ్లలు ఊడుచున్నచోట దులుపను గూడ దులుపక, ముందు ఫోటో తీసి, తెలిసినవారికి చూపి తరువాత ముట్టుకొనుడు. పోగుచేసిన చందా రాతి అరుగునకు ఇచ్చినచో సద్వినియోగమగును.

ఇట్లు నిలిపిన బండి ఏమి చేయునని అడుగువారికి ఒక ఉదాహరణము చెప్పెదను. మన రాష్ట్రపతిగారి గుఱ్ఱపు బగ్గీ 1984 తరువాత గణతంత్రదినపు ఊరేగింపునకు రాలేదు. మోటారుకార్లు వచ్చినవి. అయినను బగ్గీని కొట్టములో శ్రద్ధగ చూచుచునే యుండిరి. 2014లో బీటింగ్ రిట్రీట్ ఉత్సవమునకు బయటికి వచ్చినది. 2024 జనవరి 26న నలువదియేండ్ల తరువాత రాష్ట్రపతిగారు మరల దానిలోనే ఊరేగింపునకు వచ్చిరి. మన జట్కాను ఊరేగింపునకు కట్టుదమని నే ననుట లేదు. ముత్తాతగారు ఎక్కిన మెట్టుమీద ఆ చిన్నపిల్ల కాలుపెట్టి ఎక్కి కూర్చుండగలుగవలెను, మెట్టు విఱుగరాదు. నా కోరిక అంతమాత్రమే.

దీనికి ఖర్చు స్వల్పము. మనిషి దొరకుటయే కష్టము. అందఱును చూతురనుకొన్న బండిని ఎవ్వరును చూడరు. కావున పండ్రెండు కుటుంబములు కావలెను, నెలకొక కుటుంబము. ఆ నెల మొదటి ఆదివారము ఒక గంట వచ్చి చక్రములు త్రిప్పి, కట్టు తట్టి, చెదగూళ్లు చూచి, తోలు తుడిచి, అచ్చట నుంచబోవు నోటుపుస్తకములో చూచినది తెలుగున వ్రాసి సంతకము చేయవలెను. వ్రాయరానివారు పిల్లలచేత వ్రాయింపవచ్చును, పిల్లలకు రానిచో వ్రాయుచు నేర్చుకొనవచ్చును. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు గట్టివారు తీసికొనవలెను. నవంబరు నాది.

బండిని తెచ్చుట వచ్చు ఆదివారము ఉదయము ఏడుగంటలకు. యాభై యేండ్లు నిలిచిన చక్రములమీద దానిని వీధిలో దొర్లించుకొని రాకూడదు. నొగలు పట్టి లాగనుగూడదు. ఎనిమిదిమంది ఒడలిక్రింద చేతులు వేసి ఎత్తి చదునైన లారీమీద నిలిపి, ఇరుసును, ఒడలిచట్రమును కలిపి త్రాళ్లు కట్టవలెను. ఆకులకు త్రాడు వేయరాదు. పేర్లు ఇచ్చినవారు ఇప్పటికి అయిదుగురు. మఱి ముగ్గురు కావలెను. పాత నూలుచీరలు ఇవ్వదలచినవారు ఉతికి ఆఱవేసి తేగలరు. ఎలుకలకు భయపడనివారు ఒకరు అరగంట ముందుగ వచ్చినచో గడ్డి తీయుటకు నాకు సాయము.